పూడ్చిపెట్టిన పతకాలు: సోల్జెనిత్సిన్ తొలి జీవితం

1971 నవంబరులో పశ్చిమ జర్మనీ వారపత్రిక స్టెర్న్ ఒక కథనం వేసింది. ఉత్తర కాకసస్ ప్రాంతంలో గియోర్గియెవ్‌స్క్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఒక ఇరుకు కొంపలో ఒంటరిగా, పేదరికంలో రోజులు వెళ్ళదీస్తున్న ఇరీనా షెర్బాక్ అనే ముసలావిడ తన అత్తింటివాళ్ళ గురించి చెప్పిన సంగతులు అందులో ఉన్నాయి. వాళ్ళు ఒకప్పుడు పెద్ద భూస్వాములట. ఎస్టేటు, నౌకర్లు, మోటారు కారు అన్నీ ఉండేవట. రెండు నెలలు తిరక్కుండానే, 1972 జనవరిలో, సోవియట్ రచయితల సంఘం పత్రిక లితెరతూర్నయా గజేతా అదే కథనాన్ని ఎత్తి మళ్ళీ వేసింది. యాభై ఏళ్ళ కిందట పోయిన ఆస్తి మీద రెండు దేశాల పత్రికలకి అంత శ్రద్ధ దేనికంటే, ఆ ముసలావిడ ఆడపడుచు కొడుకు పేరు అలెగ్జాండర్ సోల్జెనిత్సిన్.

1970లో ఆయనకి సాహిత్యంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. ఈ కథనాలు వచ్చిన రెండేళ్ళకి, 1974 ఫిబ్రవరిలో, పౌరసత్వం రద్దు చేసి, విమానం ఎక్కించి పశ్చిమ జర్మనీకి పంపేశారు. ఈ రెంటి మధ్యా జరిగిన పని ఇది: ఈ రచయిత ధనిక కుటుంబం నుంచి వచ్చాడు, కాబట్టి సోవియట్ వ్యవస్థ మీద అక్కసు రక్తంలోనే ఉందని జనానికి చెప్పడం.

తెలుగువాళ్ళకి రష్యన్ సాహిత్యం ఎక్కువగా మాస్కోలో అచ్చయి, విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికిన పుస్తకాల ద్వారానే వచ్చింది. టాల్‌స్టాయ్, చెహోవ్, గోర్కీ ఇక్కడ ఇంట్లో మనుషుల్లా అయిపోయారు. ఆ వరసలో సోల్జెనిత్సిన్ ఉండే వీలే లేదు. అందుకే ఆయన మనలో చాలామందికి పుస్తకాలకంటే ముందు వివాదం ద్వారా తెలిశాడు. ఒక పక్షానికి ఆయన సత్యవాది, ఇంకో పక్షానికి ద్రోహి. విచిత్రమేమిటంటే, ఆయన పుట్టుకతోనే ఆ వ్యవస్థకి విరోధి అన్న ఊహ రెండు పక్షాల్లోనూ ఉంది. ఒకరు దాన్ని గొప్ప అంటారు, ఇంకొకరు తప్పు అంటారు. అసలు సంగతి వేరు. 26 ఏళ్ళు వచ్చి, చేతికి బేడీలు పడేదాకా ఆయన లెనిన్‌ని గాఢంగా నమ్మిన మనిషి. ఇంట్లో నేర్చుకున్నది సోవియట్ వ్యతిరేకత కాదు. దాచుకోవడం నేర్చుకున్నాడు.

సోల్జెనిత్సిన్ 1918 డిసెంబర్ 11న కిస్లొవోద్‌స్క్‌లో పుట్టాడు. ఖనిజ జలాల ఊటలకి పేరుపడ్డ ఊరది; ఆ పేరుకి అర్థమే పుల్లనీళ్ళు. విప్లవం అయి ఏడాది దాటింది, అంతర్యుద్ధం నడుస్తోంది. తండ్రి ఇసాకి సోల్జెనిత్సిన్ అప్పటికే లేడు. ఆయన స్తావ్రొపోల్ ప్రాంతపు రైతు బిడ్డ. విశ్వవిద్యాలయం గడప తొక్కాడు. 1914లో యుద్ధం మొదలవగానే చదువు ఆపేసి, స్వచ్ఛందంగా వెళ్ళి జారు సైన్యంలో ఫిరంగిదళ అధికారి అయ్యాడు, పతకాలు తెచ్చుకున్నాడు. 1917 ఆగస్టులో యుద్ధరంగంలోనే, సైనిక పురోహితుడి చేతుల మీదుగా పెళ్ళి చేసుకున్నాడు. తర్వాతి ఏడాది ఇంటికి తిరిగొచ్చి, జూన్‌లో వేటకి వెళ్ళినప్పుడు తుపాకీ ప్రమాదవశాత్తూ పేలి, ఆస్పత్రిలో ప్రాణం విడిచాడు. మూడేళ్ళకి పైగా జర్మన్ గుళ్ళని తప్పించుకున్న మనిషి సొంత తుపాకీకి పోయాడు. కొడుకు ఆరు నెలల తర్వాత పుట్టాడు.

తల్లి తైసియా వాళ్ళది మరో రకం కథ. ఆమె తండ్రి జఖార్ షెర్బాక్ దక్షిణాదిన తవ్రీదా నుంచి కూలికి వచ్చిన గొర్రెల కాపరి. ఏళ్ళు తిరిగేసరికి కుబాన్ ప్రాంతంలో అర్మవీర్ దగ్గర పెద్ద భూస్వామి అయ్యాడు. ఎస్టేటు కట్టాడు. కొడుకు రోమన్ రోల్స్ రాయిస్ కారులో తిరిగేవాడు. ఆ రోమన్ భార్యే మొదట చెప్పుకున్న ఇరీనా. కూతుర్ని మాస్కో పంపి వ్యవసాయ కోర్సులో చేర్చాడు, విదేశీ భాషలు చెప్పించాడు. అక్కడే ఆమెకి సెలవు మీద వచ్చిన ఇసాకి పరిచయమయ్యాడు. విప్లవం ఆ ఎస్టేటుని ఊడ్చేసింది. అంటే సోల్జెనిత్సిన్ ఊహ తెలిసేనాటికి ఆ సంపద ఒక జ్ఞాపకం మాత్రమే, అదీ ఎవరి దగ్గరా ఎత్తకూడని జ్ఞాపకం.

ఎందుకు ఎత్తకూడదంటే, తొలి సోవియట్ దశాబ్దాల్లో ప్రతి మనిషి వెంటా ఒక ఫారం ఉండేది. ఉద్యోగానికి, చదువుకి, ఇల్లు అడగడానికి, సంఘంలో చేరడానికి, దేనికైనా సరే, ఆ ఫారంలో ‘సామాజిక మూలం’ అనే గడి నింపాల్సిందే. తండ్రి ఎవరు, విప్లవానికి ముందు ఏం చేసేవాడు, తాతకి ఆస్తి ఉండేదా. కులం కాలమ్ చూసి మనిషిని అంచనా వేసే అలవాటున్న మనకి దీన్ని పెద్దగా వివరించక్కర్లేదు. కార్మికుడి బిడ్డ అని రాస్తే తలుపులు తెరుచుకుంటాయి, భూస్వామి బిడ్డ అంటే మూసుకుంటాయి. తైసియాకి ఆ గడి జీవితాంతం ఉరితాడే అయింది. తండ్రి ధనిక రైతు, భర్త జారు సైన్యాధికారి.

ఆమె రస్తోవ్-ఆన్-డాన్ నగరంలో టైపిస్టుగా, స్టెనోగ్రాఫర్‌గా పనిచేసింది. మంచి జీతం వచ్చే ఆఫీసులు ఆ ఫారం చూసి వెనక్కి పంపేవి. రాత్రిళ్ళు అదనపు పని ఇంటికి తెచ్చుకునేది. తనకి ఇంకో పెళ్ళి వద్దనుకుంది. సవతి తండ్రి బిడ్డని కఠినంగా చూస్తాడేమోనని ఆమె భయం. ప్రభుత్వం ఇచ్చే గది వాళ్ళకి చాలాకాలం దక్కలేదు. ప్రైవేటుగా, ఎక్కువ అద్దెకి, కూలిపోయేలా ఉన్న గుడిసెల్లో ఉన్నారు. చివరికి దక్కిన గది గుర్రాలశాలని మార్చి కట్టినదాంట్లో ఒక భాగం. చలిగాలి లోపలికి కొట్టేది, బొగ్గు దొరికేది కాదు, నీళ్ళు ఎక్కడినుంచో మోసుకురావాలి. ఈ వివరాలు ఆయన చెప్పింది 1972లో, ఆ జర్మన్ పత్రిక కథనం మీద విదేశీ విలేకరులు అడిగినప్పుడు. ‘ధనిక కుటుంబంలో పుట్టిన’ వాడికి ఇంట్లో కుళాయి అంటే ఏమిటో పెద్దయ్యాకగానీ తెలియలేదు.

మరి తండ్రి పతకాలు? జారు సైన్యంలో అధికారికి వచ్చిన పతకాలు ఇంట్లో దొరికితే అదే సాక్ష్యం. తల్లీకొడుకులు వాటిని మట్టిలో పూడ్చేశారు. స్కూల్లోనూ తర్వాతా తండ్రి ఎవరని ఫారం అడిగితే ఆఫీసు ఉద్యోగి అని రాయడం అలవాటైంది. ఇంటి గుట్టు లంకకు చేటని మనం ఊరికే అంటుంటాం. ఆ ఇంట్లో అది పసివాడికి కూడా తెలిసిన రోజువారీ జాగ్రత్త. తండ్రి గురించి గర్వపడాలి, కానీ పైకి చెప్పకూడదు.

పేరుకి కూడా ఒక దెబ్బ తగిలింది. రష్యన్ పద్ధతిలో తండ్రి పేరుని బట్టి ఆయన అలెగ్జాండర్ ఇసాకియెవిచ్ కావాలి. 1936లో పాస్‌పోర్టు రాసిన గుమాస్తా ఇసాయెవిచ్ అని రాసేశాడు. ఇసాయ్ వేరే పేరు. తండ్రిని ఎలాగూ దాచుకున్న కొడుక్కి కాగితం మీద ఆ తండ్రి పేరు కూడా తప్పుగానే మిగిలింది, ప్రపంచం ఇవాళ్టికీ అలాగే పిలుస్తోంది.

ఆయన చెప్పుకున్న తొలి జ్ఞాపకం మూడేళ్ళ వయసుది. కిస్లొవోద్‌స్క్‌లో చర్చి నిండా జనం. ప్రార్థన సగంలో ఉండగా మొనదేలిన టోపీలు పెట్టుకున్న సైనికులు బూట్లతో లోపలికొచ్చి, పీఠం దగ్గరి విలువైన వస్తువులు పట్టుకుపోయారు. పిల్లవాణ్ణి పైకెత్తుకుని ఎవరో చూపించారు. చర్చిల ఆస్తుల స్వాధీనం 1922లో దేశమంతటా జరిగినదే, కాబట్టి సంఘటనకి ఆధారం ఉంది. మూడేళ్ళవాడికి అది నిజంగా గుర్తుందా, పెద్దవాళ్ళు చెప్పగా చెప్పగా జ్ఞాపకంగా మారిందా అనేది వేరే మాట. ఇక్కడే ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ బాల్యం గురించి లోకానికి తెలిసినదాంట్లో పెద్ద భాగం ఆయన చెప్పుకున్నదే. చూపు పోయి, చూపు వచ్చిన మనిషి కథలా దాన్ని మలిచాడాయన. అంధకారం ఎంత చిక్కగా ఉంటే వెలుగు అంత బాగా కనబడుతుంది కదా. చదివేటప్పుడు ఆ సంగతి మనసులో ఉంచుకోవాలి.

సెలవులొస్తే అత్త ఇరీనా ఇంటికి వెళ్ళేవాడు. ఆమెకి పిల్లల్లేరు, సనాతన క్రైస్తవంలో గట్టి భక్తురాలు, ఇంట్లో పుస్తకాలు దండిగా ఉండేవి. పదేళ్ళ వయసుకే టాల్‌స్టాయ్ ‘యుద్ధము - శాంతి’ అక్కడ చదివేశాడు. ఐకాన్ అనే దేవుడి పటం ముందు దీపం, పండగ ప్రార్థనలు, పాత రష్యా మాటలు, అన్నీ ఆ ఇంట్లోనే. తొమ్మిది పదేళ్ళకే రచయిత కావాలని తీర్మానించుకున్నాడు, సొంతంగా చేతిరాత పత్రికలు నడిపాడు. అంటే పిల్లవాడికి రెండు లోకాలు. సెలవుల్లో ఒకటి, స్కూల్లో ఇంకొకటి. మెడలో శిలువ వేసుకుని స్కూలుకి వెళ్తే తోటి పిల్లలు ఎగతాళి చేసి లాగిపారేశారు. 

ఇదంతా చూసి, ఆ పిల్లవాడు లోలోపల పగ పెంచుకున్నాడని అనుకోవడం సులువు. జరిగింది దానికి తలకిందులు. పన్నెండేళ్ళకి ఎర్ర మఫ్లర్ కట్టుకుని కమ్యూనిస్టు పిల్లల సంఘం పయనీర్లలో చేరాడు. 1936లో యువ కమ్యూనిస్టు సంఘం కొమ్సొమోల్‌లో చేరాడు. ఎవరో మెడ మీద కత్తి పెట్టడం వల్ల కాదు, కార్డు ఉంటే పనికొస్తుందన్న లెక్కతోనూ కాదు. మార్క్స్‌ని, లెనిన్‌ని కూర్చుని చదివాడు. నమ్మాడు. పదిహేడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి అది న్యాయమైన లోకం గురించిన కల. స్నేహితులందరూ అటే ఉన్నారు. ఇంట్లో వినిపించేవేమో ఓడిపోయినవాళ్ళ గుసగుసలు. ఆ వయసులో ఎవరు ఓడినవాళ్ళ పక్షం తీసుకుంటారు?

కళ్ళముందు జరిగినవి తక్కువేం కావు. తాత జఖార్ చూడ్డానికి వస్తే, ఆయన్ని వెతుక్కుంటూ రహస్య పోలీసులు ఆ గుడిసెకే వచ్చారు. 1932లో, తల్లికి ఆప్తుడూ పిల్లవాడికి తండ్రిలాంటివాడూ అయిన ఇంజనీర్ ఫెదొరోవ్‌స్కీని అరెస్టు చేశారు. స్కూలుకి వెళ్ళే దారిలో జైలు దగ్గర ఆడవాళ్ళ క్యూలు కనబడేవి. విశ్వవిద్యాలయంలో ఉన్న రోజుల్లో, 1937, 1938ల్లో, దేశమంతా అరెస్టులతో అట్టుడికింది. ఆ రోజుల గురించి ఆయన తర్వాత, సోవియట్ ఖైదు శిబిరాల మీది పుస్తకం ‘గులాగ్ ద్వీపసమూహం’లో రాసుకున్న మాట ఆయన్ని సమర్థించేవాళ్ళకి కూడా మింగుడుపడనిది. ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్లు అరెస్టయితే ఏం, వాళ్ళేమన్నా మాతో డాన్సు చేసేవాళ్ళా, పైగా పరీక్షలు గట్టెక్కడం తేలికవుతుంది అనుకున్నామని ఒప్పుకున్నాడు. ఆ సిగ్గులేనితనాన్ని దాచకుండా రాయడం ఆయన రాతలో ఉన్న బలం. సాధారణంగా స్వీయచరిత్రకారులు తమకి ముందే అంతా తెలుసన్నట్టు రాస్తారు.

1936 నవంబర్ 18న, పద్దెనిమిదో పుట్టినరోజు ఇంకా రాకముందే, రస్తోవ్ వీధిలో నడుస్తుండగా ఒక ఆలోచన తట్టింది: రష్యన్ విప్లవం మీద ఒక పెద్ద నవల రాయాలి. విప్లవానికి మూలం ప్రపంచయుద్ధంలో ఉంది కాబట్టి అక్కడ మొదలుపెట్టాలి. 1914 ఆగస్టులో తూర్పు ప్రష్యాలో జర్మన్లు జనరల్ సంసోనవ్ సైన్యాన్ని చుట్టుముట్టి తుడిచిపెట్టేశారు. ఆ జనరల్ అడవిలో తనని తాను కాల్చుకుని చనిపోయాడు. ఆ ఓటమిని ఎంచుకుని, రస్తోవ్ లైబ్రరీల్లో కూర్చుని యుద్ధ పటాలు, సైనిక చరిత్రలు చదివి అధ్యాయాలు రాశాడు. అప్పుడు రాయదల్చింది విప్లవాన్ని కీర్తించే నవల. ఆ అధ్యాయాలు పోకుండా మిగిలాయి. మూడు దశాబ్దాల తర్వాత అదే పథకం పూర్తిగా తిరగబడి, విప్లవాన్ని దేశానికి పట్టిన విపత్తుగా చూపే నవలామాలగా మారింది. మొదటి భాగం ‘ఆగస్టు 1914’ 1971లో పారిస్‌లో అచ్చయింది. తల్లి వైపు కుటుంబాన్ని గుర్తుపట్టేలా చిత్రించింది ఆ నవలలోనే. స్టెర్న్ కథనం ఆ వెంటనే రావడం యాదృచ్ఛికం కాదన్నది ఆయన వాదన.

ఇంత సాహిత్య పిచ్చి ఉన్నవాడు చదివింది మాత్రం లెక్కలు, భౌతికశాస్త్రం. రస్తోవ్‌లో సాహిత్యం తన స్థాయికి తగ్గట్టు చెప్పేవాళ్ళు లేరనుకున్నాడు. మాస్కో వెళ్దామంటే జబ్బుతో ఉన్న తల్లిని ఒంటరిగా వదల్లేడు. లెక్కలు చేతకానివాడేం కాదు. చదువులో ముందుండేవాడు, స్టాలిన్ పేరుమీద ఇచ్చే స్కాలర్‌షిప్ కూడా అందుకున్నాడు. 1939 నుంచి మాస్కోలోని తత్వశాస్త్ర సాహిత్య చరిత్ర సంస్థలో కరెస్పాండెన్స్ కోర్సు కూడా చేశాడు. నాటకాల మీద మోజుతో రస్తోవ్‌లో యూరీ జవాద్‌స్కీ నడిపిన నాటక పాఠశాలకి వెళ్ళి ప్రయత్నించాడు. గొంతు పనికిరాదని తిప్పి పంపారు. తర్వాత ఆయనే అనేవాడు, గణితం తన ప్రాణాన్ని రెండుసార్లు కాపాడిందని. ఒకసారి ఖైదులో, ఒకసారి ప్రవాసంలో.

చదువుకునే రోజుల్లో జరిగిన ఒక చిన్న సంఘటన మిగతావాటికంటే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. కొమ్సొమోల్ జిల్లా కమిటీ పిలిచి, రహస్య పోలీసు శాఖ ఎన్‌కేవీడీ శిక్షణ పాఠశాలకి దరఖాస్తు నింపమంది. మంచి జీతం, మంచి యూనిఫారం. అప్పటికి ఆయనకి, స్నేహితులకి ఆ శాఖ మీద రాజకీయంగా ఏ అభ్యంతరమూ లేదు. అయినా వద్దన్నారు. ఎందుకని అడిగితే కారణం చెప్పలేకపోయేవారు. లోపల ఏదో ఒప్పుకోలేదు, అంతే. ఇంకాస్త గట్టిగా ఒత్తిడి చేసి ఉంటే తామూ ఆ యూనిఫారం తొడుక్కునేవాళ్ళమే అని తర్వాత రాశాడు. చిన్నప్పుడు అత్త ఇంట్లో పడ్డ విత్తనం పైకి కనబడకుండా బతికే ఉందనడానికి ఇంతకంటే పెద్ద ఆధారం ఆ రోజుల్లో దొరకదు.

1940 ఏప్రిల్‌లో రసాయనశాస్త్ర విద్యార్థిని నతాలియా రెషెతోవ్‌స్కయాని పెళ్ళాడాడు. కొత్త కాపురంలో కూడా మార్క్స్ ‘కాపిటల్’ పట్టుకుని కూర్చునేంత పట్టుదల మనిషి, రోజుని నిమిషాలుగా పంచుకునేవాడు. 1941 జూన్‌లో డిగ్రీ చేతికొచ్చింది. మాస్కోలో పరీక్షలు రాద్దామని జూన్ 22న రైలు దిగాడు. ఆ రోజే జర్మనీ దండెత్తింది.

వెంటనే ఫిరంగిదళంలోకి పోవాలనుకున్నాడు. తండ్రి పనిచేసింది అందులోనే, చదివిన లెక్కలూ అందులోనే పనికొస్తాయి. కానీ ఆరోగ్యం కారణంగా మొదట తీసుకోలేదు. కొన్నాళ్ళు ఒక చిన్న ఊళ్ళో పంతులుగా పనిచేశాక, అక్టోబరులో పిలిచి గుర్రపుబళ్ళ దళంలో మామూలు సిపాయిగా వేశారు. పుస్తకాల పురుగు, గుర్రాన్ని ఎటునుంచి పట్టుకోవాలో తెలియదు. తోటివాళ్ళకి నవ్వులాట అయ్యాడు. పైవాళ్ళని పట్టుకుని, తిరిగి తిరిగి, 1942లో కొస్త్రొమా ఫిరంగి పాఠశాలలో చేరి అధికారి అయ్యాడు.

ఆయనకి అప్పజెప్పింది శబ్దంతో శత్రువు ఫిరంగుల జాడ పట్టే బ్యాటరీ. పని ఇలా ఉంటుంది. కొన్ని కిలోమీటర్ల పొడవున, కొలిచి గుర్తుపెట్టిన చోట్ల మైక్రోఫోన్లు పాతుతారు. అటువైపు ఫిరంగి పేలితే ఆ మోత ఒక్కో మైక్రోఫోన్‌కి ఒక్కో క్షణంలో చేరుతుంది. ఆ సెకన్ల తేడాలని బట్టి, గాలినీ చలినీ లెక్కలోకి తీసుకుని, ఫిరంగి ఎక్కడుందో పటం మీద గుర్తిస్తారు. తర్వాత మన ఫిరంగులు అక్కడ గుళ్ళు కురిపిస్తాయి. రస్తోవ్ లెక్కల పట్టా ఇక్కడ అచ్చంగా పనికొచ్చింది. 1943లో ఒర్యోల్ పోరు తర్వాత దేశభక్త యుద్ధ పతకం, మరుసటేడు ఎర్ర నక్షత్రం పతకం వచ్చాయి. కెప్టెన్ అయ్యాడు. తండ్రి పతకాలు మట్టిలో, కొడుకు పతకాలు ఛాతీ మీద.

భుజకీర్తులతోపాటు పొగరూ వచ్చింది. తండ్రి వయసువాళ్ళని కూడా నువ్వు అనడం, సొంత సామాను సిపాయిచేత మోయించడం, వాళ్ళు ఎండు రొట్టె నములుతుంటే తను అధికారులకిచ్చే వెన్న తినడం. ఇదీ ఆయన స్వయంగా రాసుకున్నదే. ఈలోగా 1944లో తల్లి గియోర్గియెవ్‌స్క్‌లో క్షయతో పోయింది. కొడుకు యుద్ధరంగంలో ఉన్నాడు.

1945 జనవరిలో ఎర్రసైన్యం తూర్పు ప్రష్యాలో ప్రవేశించింది. కెప్టెన్ సోల్జెనిత్సిన్ బ్యాటరీ వెళ్ళిన దారి, పద్దెనిమిదేళ్ళప్పుడు లైబ్రరీ పటాల మీద వేలితో గీసుకుంటూ పోయిన సంసోనవ్ సైన్యం దారే. నైడెన్‌బర్గ్ లాంటి ఊళ్ళు తగలబడుతుండగా చూశాడు. విజేతలు దోచుకోవడం, ఆడవాళ్ళని చెరచడం చూశాడు. నవలలో రాయాల్సిన నేల మీద నిలబడి ఉన్న సమయంలోనే అరెస్టు జరిగింది.

చిన్నప్పటినుంచి దాపరికంలో పండిపోయినవాడు చిత్రంగా ఉత్తరాల దగ్గర దొరికిపోయాడు. రస్తోవ్ నుంచి ప్రాణస్నేహితుడు నికొలాయ్ విట్కేవిచ్ ఇంకో రంగంలో అధికారి. ఇద్దరూ ఉత్తరాల్లో స్టాలిన్‌ని ‘పహాన్’ అనేవాళ్ళు. దొంగల ముఠా నాయకుడికి రష్యన్ జైళ్ళలో వాడే మాట అది. యుద్ధంలో ప్రతి ఉత్తరాన్నీ సెన్సారు విప్పుతుందని ఇద్దరికీ తెలుసు. ఆ మారుపేరు ఎవరికీ అర్థం కాదనుకున్నారు. అంతటితో ఆగలేదు. 1944 మొదట్లో కలుసుకున్నప్పుడు ‘తీర్మానం నెం. 1’ అని ఒక కాగితం రాసుకుని, చెరో ప్రతి మ్యాపుల సంచిలో పెట్టుకుని తిరిగారు. స్టాలిన్ లెనిన్ దారి తప్పాడని, దేశంలో అబద్ధమూ అణచివేతా పెరిగాయని, సరిచేయడానికి ఒక సంఘం లేకుండా కుదరదని అందులో ఉంది. సంఘం అన్న ఆ ఒక్క మాటే చాలు. సోవియట్ శిక్షాస్మృతి 58వ సెక్షన్‌లో ప్రచారానికి ఒక క్లాజు, సంఘటితంగా చేసినందుకు ఇంకో క్లాజు ఉన్నాయి.

దీన్ని కేవలం కుర్రతనం అనుకుంటే సరిపోదు. దాచుకోవాలన్న జాగ్రత్త ఆయనకి వంశం విషయంలో ఉంది, ఆలోచనల విషయంలో లేదు. ఎందుకంటే తన ఆలోచనలు తప్పని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. తను మంచి లెనినిస్టు, తప్పు పట్టింది స్టాలిన్‌ని, అదీ లెనిన్ పేరు మీదే. దొంగకి దాచుకోవడం తెలుస్తుంది. తను దొంగ కాదనుకున్నవాడికి ఆ స్పృహ ఎక్కడిది? ఆ రాజ్యం తనదే అన్న నమ్మకం వల్లే పట్టుబడ్డాడు.

1945 ఫిబ్రవరి 9న బ్రిగేడ్ కమాండర్ కర్నల్ త్రావ్కిన్ తన గదికి పిలిపించి రివాల్వర్ ఇచ్చేయమన్నాడు. మూలనుంచి ఇద్దరు సైనిక గూఢచారి అధికారులు మీదపడి భుజకీర్తులు, టోపీ మీది నక్షత్రం పీకేశారు. తీసుకుపోతుంటే కర్నల్ ఆపి, మొదటి ఉక్రేనియన్ రంగంలో నీకు స్నేహితుడున్నాడా అని అడిగాడు. అలా అడక్కూడదు, వాళ్ళు అడ్డుపడ్డారు కూడా. దేనికోసం పట్టుకున్నారో ఆ ప్రశ్నతో సోల్జెనిత్సిన్‌కి అర్థమైపోయింది. తర్వాత కర్నల్ లేచి నిలబడి, బల్లమీదుగా చెయ్యి చాచి, శుభం జరగాలని చెప్పాడు. అరెస్టయినవాడితో చెయ్యి కలపడం ఆ రోజుల్లో ఎంత తెగింపో ఊహించుకోవాలి.

తర్వాతి నడక ఇంకా విలువైనది. కాలినడకన తరలిస్తున్న ఖైదీల్లో ఈయనొక్కడే అధికారి. పెట్టె ఎవరు మోయాలి? నేను అధికారిని, ఆ జర్మన్ మోస్తాడు అన్నాడు. జర్మన్ అలసిపోతే మిగతా ఖైదీలు వంతులవారీగా మోశారు, ఆయన తప్ప. భుజకీర్తులు పోయినా భుజాలకి ఆ సంగతి ఇంకా తెలియలేదన్నమాట.

మాస్కోలో లుబ్యాంకా జైలు. విచారణ. యుద్ధకాలంలో రాసుకున్న డైరీలు, నోటుపుస్తకాలన్నీ అక్కడి కొలిమిలో బూడిదయ్యాయి. ఆ విచారణలో ఆయన ఏం చెప్పాడన్నది తర్వాత పెద్ద గొడవ అయింది. 1974లో, ఆయన్ని దేశం నుంచి పంపేసిన రోజుల్లో, విట్కేవిచ్ తనకి వ్యతిరేకంగా స్నేహితుడు వాంగ్మూలం ఇచ్చాడని ప్రకటించాడు. సోవియట్ వార్తాసంస్థ దాన్ని బాగా ప్రచారం చేసింది. సోల్జెనిత్సిన్ ఖండించాడు. విచారణలో తను గొప్పగా నిలబడలేదని మాత్రం తనే రాసుకున్నాడు. 1945 జూలై 7న, కోర్టూ లాయరూ లేకుండా, ప్రత్యేక మండలి ఎనిమిదేళ్ళ శిక్ష వేసింది. విట్కేవిచ్‌కి పదేళ్ళు పడింది.

బేడీలతో నమ్మకం ఊడిపోలేదు. జైలు గదుల్లో మార్క్సిస్టుగా వాదించాడు. బుతీర్కి జైల్లో బొరిస్ గమ్మెరోవ్ అనే జబ్బుపడ్డ యువకుడితో మాట్లాడుతూ, అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ ప్రార్థన ప్రస్తావన వస్తే, అది వట్టి నటన అనేశాడు. రాజకీయ నాయకుడు నిజంగా దేవుణ్ణి నమ్మకూడదా అని ఆ కుర్రాడు అడిగాడు. తను అన్నమాట తన మాట కాదని, ఎవరో బయటినుంచి పెట్టినదని సోల్జెనిత్సిన్‌కి ఆ క్షణంలో తట్టింది. మెడలో శిలువ లాగేసిన స్కూలు రోజులకి, దీనికి మధ్య పదిహేనేళ్ళు.

అక్కడినుంచి పాత విద్య తిరిగొచ్చింది. 1946లో మాస్కో శిబిరంలో ఒక కార్డు ఇచ్చి వృత్తి రాయమన్నారు. అణు భౌతికశాస్త్రవేత్త అని రాయించాడు. అణుబాంబు కోసం స్టాలిన్ ఆరాటపడుతున్న రోజులు. కాలేజీలో చదివిన భౌతికశాస్త్రం తప్ప ఆ విద్యలో ఈయనకి ఏమీ రాదు. కానీ ఫారాలతో పెరిగిన కొడుకు, ఏ గడిలో ఏం రాయాలో తెలుసు. ఆ కార్డు ఆయన్ని మట్టి పని నుంచి తప్పించి ఖైదీ శాస్త్రవేత్తల పరిశోధనశాలలకి, చివరికి మాస్కో శివారు మార్ఫినోకి చేర్చింది. గణితం ప్రాణం కాపాడిన మొదటిసారి అదే.

1950లో అక్కడినుంచి కజఖ్‌స్తాన్‌లోని ఎకిబస్తూజ్ శిబిరానికి పంపారు. తాపీపని. రాసిన కాగితం దొరికితే మళ్ళీ శిక్ష. అందుకని పద్యాలు కట్టి, కంఠస్థం చేయడం మొదలుపెట్టాడు. కొన్ని పంక్తులు కాగితం మీద రాసుకుని, నోటికి వచ్చాక కాల్చేసేవాడు. లిథువేనియా కేథలిక్ ఖైదీలు నమిలిన రొట్టెతో జపమాల పూసలు చేసుకునేవారు. వాళ్ళనడిగి ఒక మాల చేయించుకుని, పూసకి ఇన్ని పంక్తులని లెక్కపెట్టుకుంటూ వల్లెవేసేవాడు. తనిఖీల్లో అది భక్తుడి జపమాలే. శిక్ష ముగిసేనాటికి బుర్రలో ఉన్నది 12,000 పంక్తులు. మనకి అవధానుల ధారణ తెలుసు కాబట్టి ఆ అంకె మరీ నమ్మశక్యం కానిదేం కాదు, కానీ ఇక్కడ పృచ్ఛకులు తుపాకులు పట్టుకుని ఉన్నారు. 1952లో శిబిరం ఆస్పత్రిలో ఒక క్యాన్సర్ గడ్డ తీశారు.

శిక్ష పూర్తయితే ఇంటికి పంపలేదు. 1953 మార్చిలో దక్షిణ కజఖ్‌స్తాన్‌లో కోక్-తెరెక్ అనే ఊరికి, శాశ్వత ప్రవాసం అన్న ముద్రతో పంపారు. స్టాలిన్ మరణవార్త అక్కడే విన్నాడు. పశ్చిమ దేశాలకి వెళ్ళగొట్టడం తర్వాత ఇరవయ్యేళ్ళకి జరిగింది గానీ, ఆయన ప్రవాసి అయింది అప్పుడే, సొంత దేశంలోనే. ఊళ్ళో స్కూల్లో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే పని దొరికింది. గణితం రెండోసారి ఆదుకుంది. పగలు పాఠాలు, రాత్రి బుర్రలో ఉన్నదంతా సన్నని అక్షరాలతో కాగితం మీదికి దించడం. ఆ ఏడాది చివరికి క్యాన్సర్ మళ్ళీ తలెత్తింది. తిండి దిగడం లేదు, నిద్ర లేదు, ఇంక కొన్ని వారాలే అన్నారు డాక్టర్లు. తాష్కెంట్ ఆస్పత్రికి బయల్దేరే ముందు, రాసినవన్నీ గట్టిగా చుట్టి, ఒక షాంపేన్ సీసాలో దూర్చి, ఇంటి దొడ్లో గొయ్యి తవ్వి పూడ్చిపెట్టాడు. ఆయన వయసు అప్పటికి 35. ఒక్క పేజీ కూడా ఎక్కడా అచ్చు కాలేదు.